దెబ్బ అనుకున్నాను

వెనక దిండు లేకుండా గంటసేపు కూర్చోగలిగిన రోజున ఇది రాయాలనుకున్నాను. ఆ రోజు వచ్చి చాలా నెలలైంది. రాస్తే నాన్న గురించి కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను. ఆటలాడే పిల్లలో, వాళ్ళ అమ్మానాన్నలో చదివితే ఒక్క సంగతైనా పనికొస్తుందేమోనని ఇప్పటికి ధైర్యం చేశాను.

నా పేరు దీవెన. మాది ముక్త్యాల. నాన్న ఏసోబు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర లారీలకి బస్తాలు ఎత్తేవాడు. అమ్మ మార్తమ్మ మిరప కోతలకీ పత్తి తీతలకీ కూలికి వెళ్తుంది. నేనొక్కదాన్నే వాళ్ళకి. హైస్కూల్లో కబడ్డీ ఆడేదాన్ని. నందిగామలో డిగ్రీలో చేరాక మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడమ్ నా భుజాలు చూసి, "నీది కబడ్డీ ఒళ్ళు కాదే, దా" అని కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి చేతిలో పెట్టింది. రగ్బీ అన్న మాట వినడం అదే మొదలు.

మేం ఆడేది ఏడుగురి ఆట. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటాక నేలకి ఆనించాలి. అడ్డొచ్చేవాళ్ళు నడుము పట్టి పడేస్తారు. మధ్యమధ్య స్క్రమ్ ఉంటుంది. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, తలలు వంచి భుజాలు కలిపి ఎదురెదురుగా తోసుకోవడం. ఆ ముగ్గురిలో నడిమి మనిషిని నేను. బరువంతా వెన్ను మీదే పడుతుంది. అదంటే నాకిష్టం.

మొదటి ఏడాది మా యూనివర్సిటీ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. రెండో ఏడాది అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో మూడో స్థానం వచ్చింది. మూడో ఏడాది నేను కెప్టెన్ని, బంగారు పతకం తెచ్చాం. టోర్నమెంటు మొత్తానికి మంచి ఆటగత్తెని నేనేనని చిన్న కప్పు కూడా ఇచ్చారు. ఎమ్మేలో చేరిన ఏడాది ఇండియా జట్టు ఎంపిక క్యాంపుకి రమ్మని ఉత్తరం వచ్చింది.

నాన్న నా ఆట ఒక్కసారే చూశాడు, విజయవాడలో. నన్ను పడేసినప్పుడల్లా లేచి నిలబడ్డాడట. మ్యాచ్ అయ్యాక మేడమ్ దగ్గరికెళ్ళి, "అట్టా పడేసినోళ్ళ మీద కేసేమీ ఉండదాండీ?" అని అడిగాడు. మా జట్టు పిల్లలు ఏడాది పాటు ఆ మాట చెప్పుకుని నవ్వారు.

జూలై, ఆగస్టు

నొప్పి వీపు నడిమధ్యలో, బొటనవేలంత చోట మొదలైంది. స్క్రమ్ ఆడేవాళ్ళకి వెన్నునొప్పి కొత్త కాదు. మేడమ్ ఐసు పెట్టమంది, పెట్టాను. నందిగామ బస్టాండు దగ్గర మందుల షాపులో నొప్పి బిళ్ళ అడిగితే ఇచ్చారు, వేసుకున్నాను. బిళ్ళ వేసుకుంటే ఆడగలిగేదాన్ని. ఆడగలుగుతున్నాను కాబట్టి ఏమీ లేదనుకున్నాను.

సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. తిండి సయించేది కాదు. నిక్కరు వదులైంది. క్యాంపు కోసం సన్నబడ్డాననుకుని అందరూ మెచ్చుకున్నారు. నమ్మనిది ఒక్క తిరుపతమ్మే. హాస్టల్లో నా గదిలో ఉండేది, జట్టులో నా పక్కనే ఆడేది. ఒక పొద్దున నా దుప్పటి పట్టుకుని నిలబడింది.

"పిండితే నీళ్ళు కారేట్టుందే ఇది."

"ఉక్కపోసింది."

"బయట వాన. ఫ్యాను ఐదులో ఉంది. ఉక్కేంటే నీకు?"

"క్యాంపు అయ్యాక చూపించుకుంటా. మేడమ్‌కి చెప్పావంటే నీతో మాట్లాడను."

అది చెప్పలేదు. ఇప్పటికీ ఆ మాట వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నోరు నొక్కింది నేను, బాధ మాత్రం దానిది.

సెప్టెంబరు

ఒడిశాలో టోర్నమెంటు. ప్రతి మ్యాచ్‌కీ ముందు రెండు బిళ్ళలు. సెమీఫైనల్లో ఒక స్క్రమ్‌లో అవతలి వాళ్ళు తోసిన తోపుకి వెన్నులోంచి రెండు పాదాల దాకా కరెంటు కొట్టినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. లేచాను. ఆ తర్వాత ఐదు నిమిషాలకి బంతి పట్టుకుని గీత దాటాను కూడా. మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. అందులో నవ్వుతున్నాను. బూటు లోపల నా కుడికాలి వేళ్ళు ఉన్నాయో లేవో నాకప్పుడు తెలియడం లేదు.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. క్యాంపుకి ఇంకా రెండు నెలలుంది.

అక్టోబరు చివర

సెలవులకి ఇంటికి వస్తూ జగ్గయ్యపేటలో బస్సు దిగబోయాను. మెట్టు మీద మోకాళ్ళు ఉన్నట్టుండి వదిలేశాయి. కింద కూలబడ్డాను. "చూసుకుని దిగమ్మా!" అని కండక్టరు అరిచాడు. లేవమని కాళ్ళకి చెప్తున్నాను, అవి వినడం లేదు. ఒకావిడ సంచీ పక్కన పెట్టి చెయ్యందించింది. చెయ్యి పట్టుకున్నా లేవలేకపోయాను. అప్పుడు భయమేసింది. అంతకుముందెప్పుడూ నా ఒంటిని చూసి నేను భయపడలేదు.

నాన్న ఆటో తీసుకుని వచ్చాడు. బస్తాలెత్తే మనిషి, నన్ను ఎత్తుకుని ఆటో దాకా పదడుగులు వేయడానికి రెండుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా దగ్గాడు. ఆ దగ్గు మా ఇంట్లో పాతదే. సిమెంటు దగ్గు అనేవాళ్ళం. మా వీధిలో చాలామంది మగవాళ్ళకి ఉంది.

మర్నాడు కారు మాట్లాడుకుని విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్ళాం. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. నందిగామ దాటుతుంటే అమ్మ, "మీ కాలేజీ వచ్చిందే" అంది. లేచి చూడలేకపోయాను.

స్కానింగు గది బయట ఇనప బెంచీలు. కూర్చుంటే నొప్పి, నిలబడితే కాళ్ళు ఆగవు. మా ముందు ఇంకా చాలామంది ఉన్నారు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికీ బెంచీ దగ్గరికీ తిరుగుతోంది. బెంచీ చివర బురఖాలో ఒక ముసలామె కాసేపు నా వంక చూసి, మా ఊరు అడిగి, "మాది జగ్గయ్యపేటేనమ్మా, మొహమాటపడకు, నా ఒళ్ళో తలపెట్టుకో" అంది. ఆమె మనవడికి తలలో ఏదో గడ్డట. మూడు గంటలు ఆమె ఒళ్ళో పడుకున్నాను. కాలు తిమ్మిరెక్కి ఉంటుంది, ఒక్కసారి కూడా కదిలించలేదు. మమ్మల్ని పిలిచేసరికి ఆమె మనవణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పేరడగలేదు.

రిపోర్టు చెప్పింది చిన్న వయసు డాక్టరమ్మ. "దెబ్బ కాదమ్మా ఇది. టీబీ."

"నాకు దగ్గు లేదండీ."

"ఊపిరితిత్తుల్లో కాదు, వెన్నెముకలో." పిడికిలి బిగించి తన వేళ్ళ కణుపుల మీద చూపించింది. రెండు ఎముకల్ని తినేసిందట. మధ్యలో చీము చేరి నరాన్ని నొక్కుతోందట. నేను ఆటలాడతానని అమ్మ చెబితే, ఏ ఆట అని అడిగింది. చెప్పాను. "ఇంకొక్క గట్టి దెబ్బ తగిలి ఉంటే..." అని, ఆ మాట అక్కడే ఆపేసి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత అడిగింది, "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

నాన్న అప్పుడే దగ్గుతున్నాడు.

"ఆయనది సిమెంటు దగ్గండీ" అంది అమ్మ.

నాన్నకి ఎక్సరే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. ఆయనకీ టీబీయేనని, ఊపిరితిత్తుల్లో ఉందని తేలింది. కాగితాలు రాసే అతను మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు, "ఇంతకుముందెప్పుడైనా టీబీ మందులు వాడావా?" అని. నాన్న నేల చూపులు చూస్తూ, "ఆరేళ్ళయింది. రెండు నెలలు వాడా" అన్నాడు. ఆరు నెలల మందు అది. ఆ సంగతి అమ్మకి అప్పటిదాకా తెలియదు.

వరండాలో అందరూ చూస్తుండగా అమ్మ నాన్న చొక్కా పట్టుకుంది. "బలానికి బిళ్ళలన్నావు కదయ్యా! నాకు బలానికన్నావు! పిల్ల కాళ్ళు పడిపోయినియ్యి, ఇప్పుడు చెప్పు బలం సంగతి!" నాన్న చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నర్సమ్మ వచ్చి విడదీసింది.

సాయంత్రం నన్ను వార్డులో పడుకోబెట్టాక నాన్న మొహానికి తువ్వాలు కట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. "నా వల్లేనా అమ్మా?" అని అడిగాడు. నేను గోడ వైపు తిరిగాను.

నవంబరు నుంచి జనవరి

సూదితో చీము తీశారు. ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు గానీ, మూడు నెలలు ఇంట్లోనే బల్ల మీద వెల్లకిలా పడుకోవాలన్నారు. మెడ కింద నుంచి నడుం దాకా గట్టి పట్టీ వేశారు. కాళ్ళలో బలం ఏమాత్రం తగ్గినా వెంటనే తీసుకురమ్మన్నారు. అందుకని నిద్ర లేవగానే నా మొదటి పని కాలి వేళ్ళు కదిలించి చూసుకోవడం. కదిలేవి. రెండో క్షణంలో మళ్ళీ అనుమానం వచ్చేది, మళ్ళీ కదిలించేదాన్ని. రోజుకి వందసార్లు అదే పని.

బిళ్ళలు వేసుకున్న గంటకి కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేది. మొదటిసారి చూసి రక్తమనుకుని కేకపెట్టాను. మా వీధి ఆశా కార్యకర్త నాగమణక్క నవ్వి, "మందు పనిచేస్తోందనడానికి గుర్తే అది, భయపడకు" అంది. ఆమె రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళేది. మా ఇంట్లో నీళ్ళు తాగడానికి జనం వెనకాడుతున్న రోజులవి. దాహమై తాగిందో, వీధి చూడాలని తాగిందో నేను అడగలేదు.

హాస్టల్లో నా పరుపు తగలబెట్టారని విన్నాను. ఎముకల టీబీ పక్కవాళ్ళకి అంటదని డాక్టర్లు చెప్పినా, ఇద్దరు పిల్లల్ని తల్లిదండ్రులు వచ్చి ఇంటికి తీసుకెళ్ళారట. తిరుపతమ్మ మాత్రం నందిగామ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నేను సగం తిని వదిలేసిన కంచం లాక్కుని మిగతాది తినేసేది. "క్యాంపు ఎప్పుడు మొదలు?" అని దాన్ని అడగలేదు, అదీ చెప్పలేదు. ఆ తేదీ ఇద్దరికీ తెలుసు. ఆ రోజు అది పొద్దున్నే వచ్చి, సాయంత్రం దాకా నా తలలో పేలు చూస్తూ కూర్చుంది. నాకు పేలు లేవు.

మందులు పనిచేసేదాకా నాన్నని వసారాలో పడుకోమన్నారు. తర్వాత లోపలికి రావచ్చన్నా రాలేదు. నేను మాట్లాడడం మానేశాను. ఒకటిన్నర గది ఇల్లు మాది. నాన్న గుమ్మం అవతల నుంచి, "పిల్ల తిన్నదా?" అని అమ్మని అడిగేవాడు. "తిన్నానని చెప్పమ్మా" అని నేను అమ్మతో అనేదాన్ని. అమ్మ ఇద్దరికీ జవాబు చెప్పకుండా గిన్నెలు ఎత్తి పడేసేది. సంఘంలో ఒకావిడ ప్రార్థనకి వచ్చి, ఆడపిల్ల నిక్కర్లేసుకుని ఆడితే దేవుడు చూస్తూ ఊరుకుంటాడా అంది. అమ్మ బైబిలు మూసి, "ఆమెన్ చెప్పి బయల్దేరు వదినా" అంది. ఆ ఏడాది మా ఇంట్లో నేను నవ్వింది అప్పుడే.

నేను నాన్నతో మాట్లాడింది క్రిస్మస్ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం. అమ్మ కోతకి వెళ్ళింది. నాన్న కంచంలో అన్నం తెచ్చి బల్ల పక్కన పెట్టి వెళ్ళబోయాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు.

"ఎందుకు మానేశావు నాన్నా?"

అక్కడే గుమ్మం మీద కూర్చున్నాడు. "తగ్గిపోయింది కదా అనిపించిందమ్మా. బస్తా ఎత్తగలుగుతున్నా. ఎత్తగలుగుతుంటే ఇంక జబ్బేంటి అనుకున్నా. టీబీ అని మేస్త్రీకి తెలిస్తే పనిలో పెట్టుకోడని భయం ఒకటి."

రెండు నెలలుగా నేను ఈ మనిషిని ఏమని తిట్టుకుంటున్నానో, అదంతా నేనూ చేశాను. బిళ్ళ వేసుకుని ఆడగలిగాను. మేడమ్‌కి తెలిస్తే ఆడనివ్వదని దాచాను. ఒడిశాలో కాలివేళ్ళు తెలియని సంగతి, రెండేసి బిళ్ళల సంగతి అప్పుడు నాన్నకి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"నా వల్లేనా అమ్మా?" అని మళ్ళీ అడిగాడు.

కాదని చెప్పాలనిపించింది. కానీ అబద్ధాలతోనే ఇంతదాకా వచ్చాం. "అయ్యుండొచ్చు నాన్నా. డాక్టరుగారే కచ్చితంగా చెప్పలేనన్నారు. దాచింది మాత్రం ఇద్దరం."

ఆయన చాలాసేపు ఏడ్చాడు. తర్వాత అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. ఆ రోజు నుంచి లోపలికి వచ్చి నా బల్ల పక్కన చాప వేసుకున్నాడు.

మార్చి

చేతికర్ర సాయంతో గుమ్మం దాకా నడవగలుగుతున్నాను. నాన్న కళ్ళెలో క్రిమి లేదని రిపోర్టు వచ్చింది. సంతోషపడ్డాం. కానీ ఒకవైపు ఊపిరితిత్తి అప్పటికే పాడైపోయిందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మేం విన్నాం గానీ, ఆ మాట అర్థం చేసుకోలేదు.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ దగ్గాడు. పళ్ళెం నిండా రక్తం. నాగమణక్క అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఎక్కేముందు నాన్న నా వైపు చూసి, పడుకోమన్నట్టు చేత్తో సైగ చేశాడు. నేను పట్టీ లేకుండా లేచి నిలబడ్డానని ఆయన కంగారు. జగ్గయ్యపేట చేరకముందే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఆయనతో బస్తాలెత్తేవాళ్ళు పని బట్టల్లోనే వచ్చారు. పెట్టెని వాళ్ళే మోశారు. సమాధుల దాకా దారి రాళ్ళ దారి, నన్ను రావద్దన్నారు. గుమ్మంలో చేతికర్ర పట్టుకుని నిలబడ్డాను. ఎదురు జట్టుని తోసుకుంటూ పోయిన దాన్ని, మా నాన్న వెనక వంద గజాలు నడవలేకపోయాను. మోసేవాళ్ళలో ముగ్గురు దగ్గుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ఏడాది పాటు

ఎండాకాలం అయ్యేసరికి నొప్పి పోయింది. బరువు పెరిగాను. అప్పుడు మొదలైంది అసలు కష్టం. ఏ బాధా లేని మనిషికి పొద్దున్నే అన్ని బిళ్ళలు మింగడం, మధ్యాహ్నం దాకా వాంతి వచ్చేట్టుండడం. ఒకరోజు బిళ్ళలు గుప్పిట్లోనే దాచుకున్నాను, నిజం. అంతా తెలిసిన దాన్ని నేనే ఆ పని చేశాను. అమ్మ గుప్పిట విప్పి చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. ఎదురుగా కూర్చుని, "నాకు మిగిలింది నువ్వొక్కదానివేనే" అంది. మింగాను. పద్దెనిమిది నెలలు మింగాను.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నడవమంది, వంగమంది, మడమల మీద నిలబడమంది. అన్నీ చేశాను. "నడువు, ఉద్యోగం చేసుకో, కావాలంటే మెల్లగా పరిగెత్తు. పడే ఆట మాత్రం ఇక వద్దు" అంది. ఆ మాట వస్తుందని ఏడాదిన్నరగా తెలుసు. అయినా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, అమ్మ ఇక లేద్దామనేదాకా లేవలేదు.

ఈ ఏడాది

పీడీ మేడమ్ కొత్త పిల్లలకి నేర్పడానికి నన్ను సాయం రమ్మంది. గీత బయట నిలబడి చెప్తాను. వాళ్ళలో హర్షిత అని వీరులపాడు పిల్ల ఉంది. ఆడేది నా చోటే, నా కంటే బాగా. యూనివర్సిటీ జట్టు ఎంపికలకి నాలుగు రోజులుందనగా ఆ పిల్ల వంగి లేస్తూ నడుం పట్టుకోవడం చూశాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం లేదక్కా, పట్టేసింది. బిళ్ళ వేసుకున్నా."

మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళి, డాక్టరు చూసేదాకా ఈ పిల్ల బంతి ముట్టుకోకూడదన్నాను. హర్షిత బతిమాలింది, ఏడ్చింది. నేను వినలేదు. మర్నాడు నేనే విజయవాడ తీసుకెళ్ళాను. రక్తపరీక్ష బాగుంది. ఎక్సరే బాగుంది. కండరం పట్టేసింది అంతే, వారం ఆడకుండా ఉంటే పోతుందన్నారు. ఆ వారంలోనే ఎంపికలు అయిపోతాయి.

ఆస్పత్రి బయట ఆ పిల్ల నా మొహం చూడకుండా అంది, "మీకు ఆట పోయిందని నాది కూడా పోగొట్టారక్కా."

దాని కోపం న్యాయమైందే. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. మళ్ళీ అలాంటిది ఎదురైతే ఏం చేస్తానని అడిగితే, మళ్ళీ అదే చేస్తానని చెప్పగలను గానీ, చేసింది తప్పు కాదని మాత్రం ఆ పిల్లతో అనలేను.

బస్సులో తను ముందు సీట్లోకి వెళ్ళి కూర్చుంది. ఎక్సరే కవరు నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. ఫిల్మ్ బయటికి తీసి కిటికీ వెలుతురుకి పట్టాను. పంతొమ్మిదేళ్ళ పిల్ల వెన్నెముక. ఎముక మీద ఎముక, వాటి మధ్య సమానంగా సందులు. పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఎక్కడా ఒక్క గంటు లేదు, అరుగుదల లేదు. పక్కసీటాయన, "మీదేనామ్మా?" అని అడిగాడు. "కాదండీ, మా చెల్లిది. ఏమీ లేదు, బాగుంది" అన్నాను. బస్సు కంచికచర్ల దాటేదాకా దాన్ని కిందికి దించలేదు.